డ్రాఫ్టు దాకా ఆగక్కా

బ్రిస్బేన్‌లో ఫిజియోథెరపీ చదువుకున్న రోజుల్లో నేను స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో ఉండేదాన్ని. కాకినాడలో మేము వెళ్ళే చర్చి పాస్టరు గారికి ఆ ఇంటి ఆంటీ దూరపు చుట్టం. ఆయన ఒక్క ఫోను చేస్తే మేడ మీద గది దొరికింది. కిటికీలోంచి చూస్తే ఒకే రంగు కప్పులు, ఒకే ఎత్తు కంచెలు, వరసగా ఒకేలాంటి ఇళ్ళు. వచ్చిన మొదటి నెలలో రెండుసార్లు పక్క వీధిలో వేరేవాళ్ళ తలుపు తట్టాను.

ఇంట్లో ముగ్గురు. అంకుల్ సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి, ఇక్కడ వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు. ఆంటీది రాజమండ్రి, వృద్ధుల హోమ్‌లో నర్సు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మా యూనివర్సిటీలోనే టీచర్ కోర్సు చదువుతూ యూనివర్సిటీ హాకీ జట్టులో ఆడేది. నాకన్నా మూడేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు మొత్తం అర్థమయ్యేది కానీ జవాబు ఇంగ్లీషులోనే వచ్చేది. అక్కా, అమ్మా, నాన్నా తప్ప ఆమె నోట తెలుగు మాట వినడం అరుదు. ఇక్కడ ఆమె మాటల్ని నా తెలుగులోనే రాస్తున్నాను.

అంకుల్‌కి హాకీ అంటే ప్రాణం. చిన్నప్పుడు రైల్వే గ్రౌండులో ఆడాడట, సెలెక్షన్ల దాకా వెళ్ళి ఆగిపోయాడట. ఇది ఆంటీ చెప్పిన సంగతి. ఆయనెప్పుడూ ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీ టర్ఫ్ దగ్గర గోలు వెనకున్న గడ్డి దిబ్బ మీద మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ దిబ్బ మీద ఎప్పుడూ ఉండే జనం ఒక పాతికమంది. అల్లిక పని పక్కన పెట్టి అంపైరును తిట్టే ఒక రిటైర్డ్ టీచరమ్మ, ప్లాస్టిక్ బక్కెట్టు బోర్లించి వాయించే స్టూడెంట్లు, కొందరి అమ్మానాన్నలు. వాళ్ళందరికీ అంకులే పెద్ద.

అంతకు ముందు ఏడాది మా జట్టు ఫార్వర్డ్ అమ్మాయిని ఇండియాలో కొత్తగా పెట్టిన ప్రొఫెషనల్ లీగ్ తీసుకుంది. డ్రాఫ్టు అంటారు. ఆడాలనుకున్నవాళ్ళు పేర్లు ఇస్తారు, జట్లు వంతులవారీగా ఒక్కొక్క పేరు పిలుచుకుంటాయి. ఆ అమ్మాయి ఆడిన ప్రతి మ్యాచీ దిబ్బ జనం అంకుల్ గ్యారేజీలో కూర్చుని చూశారు. మన గడ్డి మీద నుంచి వెళ్ళిన పిల్ల అక్కడ టీవీలో కనిపించడం వాళ్ళకొక మత్తులా పట్టుకుంది. నేనున్న ఏడాది మా జట్టు నుంచి ముగ్గురు పేర్లిచ్చారు. గోల్‌కీపరు, మిడ్‌ఫీల్డులో ఆడే ఒక పొడుగు అమ్మాయి, మా చెల్లి.

గ్యారేజీ గోడకి అంకుల్ ఒక పెద్ద షీటు అంటించాడు. ఏ జట్టు వంతు ఎప్పుడు, ఎవరికి గోల్‌కీపరు లేరు, ఎవరికి పెనాల్టీ కార్నర్ కొట్టేవాళ్ళు లేరు అన్నీ రంగు పెన్నులతో రాసి ఉండేవి. రోజూ ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా దాని ముందు నిలబడేవాడు.

"ఇటు రా బిడ్డా, చూడు. మా ఊరి దిక్కు జట్టుకు కార్నర్ కొట్టేటోళ్ళే లేరు. ఉన్న ఒక్క పిల్ల రిటైరైపోయింది. మన పోరిని తీస్కోక ఏం జేస్తరు?"

"తీసుకుంటారంకుల్."

"తీస్కుంటరు. నాలుగో రౌండు లోపల తీస్కుంటరు. రాసి పెట్టుకో."

యూనివర్సిటీ హాకీ క్లబ్బుకి ఒక ఫిజియో ఉండేది. యాభై దాటిన ఆస్ట్రేలియన్ ఆవిడ, మాట తక్కువ. మా కోర్సు పిల్లల్ని ఒకరిద్దరిని సహాయానికి పెట్టుకునేది. ఆ ఏడాది నేను చేరాను. కీళ్ళ చుట్టూ బిగింపుగా టేపు వెయ్యడం, ఐసు పెట్టడం, ఎవరికి ఏం చేశామో టాబ్లెట్‌లో నోట్సు రాయడం. అంకుల్ పొంగిపోయాడు. దిబ్బ మీద అందరికీ మా ఇంటి డాక్టరమ్మ అని పరిచయం చేశాడు. గురువారం ప్రాక్టీసుకీ శనివారం మ్యాచికీ మమ్మల్ని కార్లో ఆయనే తీసుకెళ్ళి ఆయనే తీసుకొచ్చేవాడు.

ఆగస్టులో ఒక గురువారం ప్రాక్టీసు అయ్యాక చెల్లి నా బల్ల మీదికెక్కి ఎడమ బూటు విప్పింది.

"కొంచెం పట్టేసింది. టేపు వెయ్యక్కా."

పెనాల్టీ కార్నర్ కొట్టడం ఆమె పని. ఇంకొకరు బంతి ఆపి పెడితే పరుగున వచ్చి, ఎడమ పాదం నేలలోకి దిగేసినట్టు మోపి, నడుం వంచి బంతిని కర్రతో ఈడ్చి గోల్లోకి విసరాలి. ఒళ్ళు బరువంతా పడేది ఆ ఎడమ పాదం మీదే. పాదం పైభాగాన, చీలమండకి కాస్త ముందు ఒక చిన్న ఎముక ఉంటుంది. పుస్తకంలో చదివినట్టుగా బొటనవేలితో సరిగ్గా అక్కడ నొక్కాను. చెల్లి అరవలేదు. బల్ల అంచు పట్టుకుంది, వేలి కణుపులు తెల్లబడ్డాయి.

"కిందికి దిగి ఈ కాలి మునివేళ్ళ మీద ఒక్కసారి గెంతు."

గెంతలేదు. బూటు తీసుకుని మళ్ళీ తొడుక్కోబోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు. నాలుగేమో."

"ఫిజియోకి చెప్పాలి. స్కాన్ తీయించాలి."

ఆమె గది తలుపు వైపు చూసింది. బయట అంకుల్ కోచ్‌తో ఏదో చెబుతూ గట్టిగా నవ్వుతున్నాడు.

"డ్రాఫ్టు దాకా ఆగక్కా, ప్లీజ్. ఇంకెన్ని వారాలున్నాయి? పేరు పిలిచాక నేనే చెప్తాను."

"ఈలోపు అది విరిగితే?"

"విరగదు. ఉత్త బిగుతు. నాన్నకి మాత్రం చెప్పొద్దు."

నేను టేపు వేశాను. టాబ్లెట్ తీసుకుని 'ఎడమ పాదం, కండరం బిగుతు, టేపు వేశాను' అని రాశాను. కింద నా పేరు దానంతటదే వచ్చి కూర్చుంది.

ఎందుకు ఒప్పుకున్నానని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. చెల్లి బతిమాలిందని ఒకటి. ఆ ఇంట్లో ఉంటున్నానన్నది ఇంకొకటి. వచ్చిన కొత్తలో నాకు ఫ్లూ వచ్చి లేవలేకపోతే అంకుల్ ఆఫీసు మానేసి చారు కాచి మేడ మీదికి తెచ్చాడు. యూనివర్సిటీ ఫారాల్లో 'అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి' అన్న చోట ఉన్నది ఆయన పేరే. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి మీ షీటు చింపెయ్యండంకుల్ అని ఎలా చెప్పడం? చెప్పకుండా ఎలా ఉండడం? ఈ రెండు ప్రశ్నల మధ్య ఆ ఆగస్టూ సెప్టెంబరూ గడిచాయి.

గడిచాయని తేలిగ్గా రాసేశాను కానీ ఆ ఇంట్లో నాకు ఊపిరాడేది కాదు. పొద్దున కాఫీ దగ్గర నుంచి రాత్రి భోజనం దాకా మాటంతా డ్రాఫ్టే. ఫలానా జట్టు కోచ్ మారాడట. ఫలానా జట్టుకి ఆస్ట్రేలియా వాళ్ళంటే ఇష్టమట. చెల్లి తలొంచుకుని అన్నం కెలుకుతూ నా వైపు చూసేది కాదు. నేనూ ఆమె వైపు చూసేదాన్ని కాదు. ఒకరినొకరం చూసుకుంటే ముఖాల్లో కనిపించేస్తుందని ఇద్దరికీ భయం.

"ఏందిరా, ఇద్దరూ గట్ల మూగోళ్ళ లెక్క తింటరు?" అనేవాడు అంకుల్.

"చదువులు. అలిసిపోతున్నారు. వదిలెయ్యండి" అనేది ఆంటీ, ఇంకో గరిటె పప్పు వడ్డిస్తూ.

లైబ్రరీలో ఎక్కువసేపు ఉండటం మొదలుపెట్టాను. ఎంత ఉన్నా చివరికి రైలెక్కి స్ప్రింగ్‌ఫీల్డ్ స్టేషన్లో దిగాలి. అంకుల్ కారు అక్కడ ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఉంటుంది. కారెక్కగానే మొదటి ప్రశ్న, "పోరి కాలు ఎట్లున్నది? టేపు బాగ వేస్తున్నవా?" ఆయన కాలి గురించి అడిగేది మామూలుగా, అందరు ఆటగాళ్ళ కాళ్ళ గురించి అడిగినట్టే. నేను సీటు బెల్టు సరిచేసుకుంటూ కిటికీ వైపు తిరిగేదాన్ని.

"బానే ఉందంకుల్."

టేపు వారం వారం గట్టిగా వెయ్యాల్సి వచ్చింది. మొదట ఒక వరస, తర్వాత రెండు, తర్వాత మడమ చుట్టూ తిప్పి మళ్ళీ పైకి. సెమీఫైనల్లో ఆఖరి నిమిషాల్లో మాకు కార్నర్ వచ్చింది. దిబ్బ మీద బక్కెట్టు మోగింది. చెల్లి పరుగున వచ్చి పాదం మోపి విసిరింది. బంతి గోల్‌కీపరు భుజం మీదుగా లోపలికెళ్ళింది. దిబ్బంతా లేచి అరిచింది. టీచరమ్మ అంకుల్‌ని కావలించుకుంది. అంతమందిలో బంతిని చూడనిదాన్ని నేనొక్కదాన్నే. నేను పాదాన్నే చూశాను. జట్టంతా మీద పడి ఎత్తుకుంటుంటే ఆమె ఎడమ కాలు నేలకి ఆనకుండా గాలిలోనే ఉంచుకుంది.

ఫైనల్లో ఓడిపోయాం. ఎవరూ పెద్దగా బాధపడలేదు, అందరి మనసూ డ్రాఫ్టు మీదే ఉంది.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం. అక్కడ ఇండియాలో పొద్దున, మాకు మధ్యాహ్నం మూడు. అంకుల్ గ్యారేజీ ఖాళీ చేసి టీవీ పెట్టాడు. పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు, పక్కన ఆంటీ చేసిన చికెన్ పకోడీ. దిబ్బ జనమంతా వచ్చారు. గోల్‌కీపరూ పొడుగు అమ్మాయీ చెల్లీ ముందు వరసలో సోఫాలో కూర్చున్నారు. నేను వెనక వాషింగ్ మెషీన్ పక్కన నిలబడ్డాను. నా ముందు ముప్పైమంది, నా వెనక గోడ. బయటికి పోవాలంటే అందరి మోకాళ్ళూ దాటుకుని పోవాలి.

టీవీలో ఒక్కో జట్టువాళ్ళు బల్లల దగ్గర కూర్చుని గుసగుసలాడి ఒక పేరు చెబుతున్నారు. పేరు రాగానే ఆ ఆటగత్తె ఫోటో తెర మీదికొస్తోంది. అంకుల్ షీటు మీద కొట్టేసుకుంటూ పోతున్నాడు. మొదటి రౌండులో మనవాళ్ళు లేరు. రెండో రౌండులో గోల్‌కీపరు పేరు పిలిచారు. ఆ పిల్ల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కేకలు, చప్పట్లు, ఒకరి చేతిలో కూల్‌డ్రింక్ ఒలికింది. మూడో రౌండు. ఎవరూ లేరు. నాలుగో రౌండులో అంకుల్ ఊరి జట్టు వంతు వచ్చింది. ఎవరో టీవీ సౌండు పెంచారు. అంకుల్ పెన్ను క్యాపు నోట్లో పెట్టుకుని నమిలేస్తున్నాడు.

పిలవొద్దు పిలవొద్దు అని నేను లోపల ప్రార్థించుకున్నాను. ఒక పిల్ల కల పాడు కావాలని దేవుణ్ణి అడిగింది నా జీవితంలో ఆ ఒక్కసారే.

తెర మీద చెల్లి ఫోటో వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలుగానే గుర్తు. అంకుల్ అరవలేదు. నిలబడ్డచోటే మోకాళ్ళ మీద కూలబడి షీటుకి తల ఆనించి ఏడ్చాడు. జనం ఆయన వీపు తడుతున్నారు. చెల్లిని ఎవరో భుజాల మీదికెత్తారు. పై నుంచి ఆమె నన్ను వెతుక్కుని చూసింది. నవ్వుతున్న ముఖమే. కళ్ళు మాత్రం 'ఇప్పుడేం చేద్దాం' అని అడుగుతున్నట్టున్నాయి.

ఇంకా రౌండ్లున్నాయి. పొడుగు అమ్మాయి పేరు కోసం అందరూ కూర్చున్నారు. అయిదు, ఆరు, ఏడు. ఆ పిల్ల పేపరు నాప్కిన్‌ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ కూర్చుంది. ఎవరూ ఆమె వైపు నేరుగా చూడట్లేదు. డ్రాఫ్టు అయిపోయింది, పేరు రాలేదు. లేచి చెల్లిని కావలించుకుని "నువ్వు బాగా ఆడాలి, నా కోసం కూడా" అంది. చెల్లి ముఖం పాలిపోయింది. ఈ మాట ఆమెను ఎంత లోతుగా కోసిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

డ్రాఫ్టు అయ్యాక చెప్తానన్నది కదా. మర్నాడు అడిగాను.

"ఇప్పుడెలా చెప్పనక్కా? నాన్నని చూశావా?"

"చెప్తానన్నావు."

"అక్కడికెళ్ళి రెస్టు తీసుకుంటా. మొదటి మ్యాచీలు ఆడను. ఏదో ఒకటి చెప్తా."

లీగ్ వాళ్ళకి మెడికల్ ఫారం పంపాలి. సంతకం చెయ్యాల్సింది మా ఫిజియో. ఆ వారం ఆవిడ నన్ను పిలిచి సీజనంతా నా నోట్సు ముందు పెట్టుకుని అడిగింది. "ఈ ఎడమ పాదానికి ఇన్నిసార్లు టేపు వేశావు. నాకు తెలియాల్సింది ఏమైనా ఉందా?"

"లేదు. బిగుతు మాత్రమే."

ఆవిడ ఒక క్షణం ఎక్కువే చూసింది నన్ను. సరే అంది.

రెండు రోజుల తర్వాత మాకు పాదం గురించి లెక్చరు. పెద్ద హాలు. నేను మధ్య వరసలో మధ్యలో ఇరుక్కున్నాను. లెక్చరర్ తెర మీద ఒక ఎక్స్‌రే చూపించి, ఆ చిన్న ఎముకకి రక్తం తక్కువగా అందుతుందనీ, బీట పడితే తనంతట తాను అతుక్కోవడం కష్టమనీ, కనిపెట్టక ఆడిస్తూ పోతే రెండు ముక్కలవుతుందనీ, అప్పుడు ఆట మాట అటుంచి మామూలు నడకే నొప్పవుతుందనీ చెప్పాడు. తర్వాత మామూలు గొంతుతో, "దీన్ని కనిపెట్టలేకపోవడానికి కారణం, ఎవరో ఒకరు దీన్ని కండరం బిగుతు అని రాస్తారు" అన్నాడు. హాల్లో కొందరు నవ్వారు.

నేను లేచాను. పక్కనున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. ఎవరి బ్యాగో తన్నుకుని పడబోయాను. బయట కారిడార్లోంచి నేరుగా ఫిజియో గదికి వెళ్ళాను. మధ్యలో ఆగితే మనసు మారుతుందని భయం వేసింది.

ఆవిడ ఏదో తింటోంది. నేను నిలబడే అంతా చెప్పేశాను.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"ఆగస్టు."

"మొన్న నేనడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

చేతిలో ఉన్నది పక్కన పెట్టింది. "కూర్చో" అంది. కోప్పడలేదు. ఇది కోర్సువాళ్ళకి చెప్పక తప్పదనీ, నేనిక జట్టు దగ్గరికి రాకూడదనీ, చెల్లికి తనే కబురు చేసి రేపే స్కాన్ తీయిస్తాననీ చెప్పింది. చివర్లో, "ఆలస్యంగానైనా చెప్పావు" అంది. మెచ్చుకోలు కాదది. ఫారంలో ఒక గడి నింపినట్టు అంది.

ఆ సాయంత్రం నేనూ చెల్లీ ఒకే రైల్లో వచ్చాం, వేరే వేరే పెట్టెల్లో. స్టేషన్ బయట అంకుల్ కారు. ముందు సీట్లో ఏవో సంచులున్నాయని ఇద్దరినీ వెనక కూర్చోమన్నాడు. జెర్సీ మీద ఏ నంబరు అడగాలో ఆయన లెక్కలు వేస్తున్నాడు. చెల్లి ఫోను మోగి ఆగింది. మెసేజీ. ఆమె చదివింది, మళ్ళీ చదివింది, ఫోను ఒళ్ళో బోర్లించింది. తర్వాత నా వైపు తిరిగి చాలా మెల్లగా తెలుగులో అంది.

"నువ్వు చెప్పావు."

ఆమె నాతో మాట్లాడిన మొట్టమొదటి పూర్తి తెలుగు వాక్యం అది. నేను అవునన్నట్టు తల ఊపాను. కారు పెద్ద రోడ్డు మీద పరుగెడుతోంది. దిగడానికి లేదు. అంకుల్ అద్దంలోంచి మా ఇద్దర్నీ చూసి, "ఏడో నంబరు ఎట్లుంటది రా? నా నంబరు అదే" అన్నాడు. ఇంటికి చేరేదాకా ఆయనే మాట్లాడాడు.

స్కాన్‌లో బీట కనిపించింది. ఎముకలో మూడొంతుల దాకా పాకింది. ఆరు వారాలు పాదం నేల మీద మోపకూడదన్నారు. లీగ్ జట్టు ఆమె బదులు ఇంకే దేశం అమ్మాయినో తీసుకుంది. దిబ్బ జనానికి అంకుల్ ఒక్క మెసేజీ పెట్టాడు, రెండు వాక్యాలు.

నేను వేరే గది కోసం వెతికాను. పరీక్షల ముందు ఎక్కడా దొరకలేదు. ఆ ఇంట్లోనే ఉండిపోయాను. చెల్లి కట్టుతో కింద గదిలో పడుకునేది, నేను మెట్లు దిగే చప్పుడు వినగానే తలుపు మూసేసేది. అంకుల్ నన్ను పొద్దున్నే స్టేషన్‌కి దించడం మానలేదు. రేడియో కూడా పెట్టేవాడు కాదు. నేను దిగి థాంక్యూ అంకుల్ అంటే తల ఊపేవాడు. నడిచి పోతానని ఒకరోజు అన్నాను. వినిపించుకోనట్టే కారు తలుపు తీశాడు. నన్ను తిట్టినా బాగుండేది. ఆ ఇంట్లో ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకుని ఎవరి మూలకి వాళ్ళు వెళ్ళిపోతుంటే, ఇంత పెద్ద ఇల్లు ఒక లిఫ్టంత ఇరుకైపోయింది.

ఒక మధ్యాహ్నం ఆంటీ బట్టలు ఆరేస్తుంటే సాయానికి వెళ్ళాను. క్లిప్పులు అందిస్తున్నాను. ఆవిడ దుప్పటి దులుపుతూ, నా ముఖం చూడకుండా అంది.

"నాకు తెలుసమ్మా."

"ఏంటాంటీ?"

"దాని కాలు. జూలై నుంచీ తెలుసు. మెట్లు పక్కకి తిరిగి దిగేది. నేను నర్సునమ్మా, రోజూ ముసలాళ్ళ నడకలే చూస్తాను. నాకు తెలీకుండా ఎలా ఉంటుంది?"

చేతిలో ఉన్న క్లిప్పును మళ్ళీ బుట్టలో వేశాను.

"ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆయన ఆ గోడ ముందు నిలబడి మురిసిపోతుంటే నాకు నోరు రాలేదు. నువ్వు చెప్పావు. తల్లిని నేను, చెప్పలేకపోయాను."

దుప్పటి తీగ మీద వేసి, అంచులు సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను క్లిప్పుల బుట్టతో అక్కడే నిలబడిపోయాను. అన్ని వారాలూ ఆ భోజనాల బల్ల దగ్గర నోరు కట్టేసుకుని కూర్చున్నది ఇద్దరం అనుకున్నాను. ముగ్గురం.

ఆంటీ ఆయనతో కూడా చెప్పి ఉంటుంది. ఎందుకంటే ఆ తర్వాతి వారం స్టేషన్ దగ్గర కారు ఆపాక అంకుల్ తలుపు లాక్ తియ్యలేదు. స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు.

"ఒక్క మ్యాచ్ ఇడవలే నేను. ఒక్క ప్రాక్టీస్ ఇడవలే. పోరి ఏ అడుగు ఎక్కడ ఏస్తదో నాకెరుక. మరి గీ సంగతి నాకెందుకు కనవడలే బిడ్డా?"

"అంకుల్, నేను ముందే చెప్పాల్సింది."

"నీ సంగతి కాదు నేనడుగుతున్నది. నా సంగతి అడుగుతున్న."

రైలు వచ్చి వెళ్ళిపోయింది. కాసేపటికి లాక్ తీసి, "పో, పరీక్ష రాసుకోపో. నెక్స్ట్ రైలుకన్న పో" అన్నాడు. ఆ రోజు నుంచి కార్లో రేడియో మళ్ళీ మోగింది.

కోర్సులో భాగంగా ఆసుపత్రుల్లో చేసే ప్లేస్‌మెంట్ శిక్షణ ఒకటి నన్ను మళ్ళీ చెయ్యమన్నారు, డిగ్రీ ఆర్నెల్లు వెనక్కి పోయింది. ఫిబ్రవరిలో యూనివర్సిటీ దగ్గరికి మారిపోయాను. చెల్లి మరుసటి సీజన్ సగంలో మళ్ళీ ఆడింది, డిఫెన్సులో. కార్నర్లు మాత్రం ఇంకొకరు కొట్టేవారు. డ్రాఫ్టు ఫారాలు మళ్ళీ వచ్చినప్పుడు ఆమె నింపలేదు, అంకుల్ అడగలేదు. ఇప్పుడు ఎక్కడో స్కూల్లో టీచరుగా ఉంది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

నేను ఆ ఇల్లు వదిలేముందు జనవరిలో లీగ్ జరిగింది. మా గోల్‌కీపరు దాదాపు మ్యాచీలన్నీ బెంచీ మీదే కూర్చుంది. అయినా అంకుల్ ప్రతి మ్యాచీ రికార్డు చేసి పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు చూసేవాడు, బెంచీ కనిపించిన ఆ నాలుగు క్షణాల కోసం. నేను సోఫా చివర కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన వెళ్ళిపోయాక చెల్లి వచ్చింది. కట్టు విప్పి నెలైంది. ఎడమ పిక్క కుడిదానిలో సగం ఉంది. టీవీ పక్కన గోడ పట్టుకుని నిలబడింది.

"మడమ ఎత్తి దించాలి. పదిహేను. లెక్క తప్పుతున్నాను, నువ్వు లెక్కపెడతావా?"

మూడు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు దగ్గర ఆమె గోడ వైపే చూస్తూ అంది.

"ప్రతి కార్నర్‌కీ పరుగెత్తే ముందు ఒకటే అనుకునేదాన్ని. ఈసారి టక్కున విరిగిపోతే బాగుండు, ఇక ఎవ్వరూ ఏమీ చెప్పక్కర్లేదు అని."

"ఏడు" అన్నాను.

"నీ మీద ఇంకా కోపంగానే ఉంది అక్కా."

"తెలుసు."

ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పాదం వణుకుతోంది. వెళ్ళి మోచేయి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు, ఆమె అడగలేదు.

"పదకొండన్నావా, పన్నెండా?"

"పదకొండు."

"సరే" అని మళ్ళీ మడమ ఎత్తింది.